రాసినవాడు మంచివాడే. రూట్ ఎందుకట?

విండోస్ బదులు లినక్స్ వాడే కుర్రాళ్లతో నాకు తరచూ వచ్చే తగువు ఒకటుంది. ఎవరో సరదాగా రాసిన చిన్న సాఫ్ట్‌వేర్ ఒకటి నెట్‌లో దొరుకుతుంది. ఎక్కించబోతే రూట్ పాస్‌వర్డ్ అడుగుతుంది. రూట్ అంటే లినక్స్‌లో ఏ అడ్డూ లేని యజమాని అకౌంటు. "ఎందుకు అడుగుతోందిరా?" అంటాను. దానికి జవాబు చెప్పరు, రాసినవాడి గురించి చెబుతారు. "మంచోడన్నా. పాపం ఊరికే ఇచ్చాడు, పైసా అడగలేదు. కోడ్ మొత్తం ఓపెన్‌గానే పెట్టాడు. ఇంకేటి కావాలి?"

మంచివాడే అయ్యుంటాడు, నేను కాదనను. నా బతుకుతెరువు సగం అలాంటివాళ్లు ఊరికే ఇచ్చిన కోడ్ మీదే నడుస్తోంది. కానీ నేను అడిగింది వాడి గుణం గురించి కాదు. ఇన్వర్టర్ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోయడానికి వచ్చిన కుర్రాడు బీరువా తాళాలు అడిగితే, వాడు మంచివాడా కాడా అని ఊళ్లో విచారించం. బ్యాటరీకీ బీరువాకీ ఏం సంబంధం అని అడుగుతాం. నేను పట్టుకుని వేలాడేది ఆ ఒక్క ప్రశ్ననే. ఈ ప్రోగ్రామ్ చేసే పనిలో రూట్ కావలసిన ముక్క ఏది? ఎంత?

ఇది ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ప్రాసెసర్ కాస్త కొత్తదై ఉండాలి. విజయనగరంలో గంటస్తంభం, మూడు లాంతర్ల చుట్టుపక్కల నాకు తెలిసిన నెట్ సెంటర్లు, జిరాక్స్ షాపులు, డీటీపీ సెంటర్లలో చాలా సిస్టమ్‌లు ఆ గీత దాటలేవు. పారేయడానికి మనసు రాదు, కొత్తవి కొనడానికి డబ్బులుండవు. దాంతో లినక్స్ మింటో, ఉబుంటూనో వేయించుకుంటున్నారు. మంచిదే, కొన్నిటికి నేనే వేశాను. పగలు ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో సిస్టమ్స్ చూసుకోవడం నా ఉద్యోగం. సాయంత్రాలు మా బావ నెట్ సెంటర్లో కూర్చోవడం అలవాటు. రెండు చోట్లా ఇదే తగువు.

నెట్ సెంటర్ సిస్టమ్‌లో ఏముంటాయో అందరికీ తెలుసు. ఆధార్ స్కాన్లు, పాన్ కార్డులు, కుల ధ్రువీకరణ పత్రాలు, పదో తరగతి మార్కుల జాబితాలు, ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌కి వచ్చిన పిల్లల వివరాలు, దస్తావేజుల డ్రాఫ్టులు. జనం ప్రింటు తీసుకుని వెళ్లిపోతారు, ఫైళ్లు మిగిలిపోతాయి. ఏ రోజువి ఆ రోజు చెరిపేయాలి. ఎవరూ చెరపరు. సిరిమాను పండగ ముందయితే షాపులో ఫ్లెక్సీలు తప్ప ఇంకో పని ఎవరికీ గుర్తుండదు. అందుకని డీటీపీ చేసే మాస్టారికి ఒక అకౌంటు, కౌంటర్ దగ్గరుండే కుర్రాడికి ఒకటి, బావకి ఒకటి విడివిడిగా పెట్టాను. ఒకరి ఫోల్డర్ ఇంకొకరికి తెరుచుకోదు. అయితే ఈ గోడలన్నీ మామూలు యూజర్ల మధ్యే. రూట్‌గా నడిచే ప్రోగ్రామ్ ఏ ఫైలైనా చదువుతుంది, ఏదైనా చెరుపుతుంది, సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నల్‌లోకి కొత్త ముక్కలు ఎక్కిస్తుంది, కావాలంటే తాను చేసిన పని లాగ్‌లో కనబడకుండా తుడిచేస్తుంది.

ఇక కీబోర్డు సంగతి. మాస్టారిది అనూ ఫాంట్ల కాలం నాటి చెయ్యి. తెలుగు టైపు చేసే యాపిల్ లేఅవుట్ (ఏ మీటకి ఏ అక్షరం అన్న అమరిక) వేళ్లకి పట్టేసింది. లినక్స్‌లో ఆ లేఅవుట్ దొరకదేమోనని ఆయనకి బెంగ. కౌంటర్ కుర్రాడు చురుకైనవాడు. కీబోర్డు మీటల్ని మనకు నచ్చినట్టు మార్చుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి వెతికి పట్టుకొచ్చాడు. ఎక్కడో ఓ విద్యార్థి తన సరదాకి రాసుకున్నది. పేరు చెప్పను, ఇలాంటివి కోకొల్లలు. దాన్ని ఎక్కించడానికి ఒకే ఒక్క లైను: స్క్రిప్టును, అంటే వరుస ఆజ్ఞల ఫైలును, కర్ల్‌తో నెట్‌లోంచి దింపి, దిగింది దిగినట్టే సుడో బాష్ నోట్లో పెట్టడం. బాష్ ఆజ్ఞలు నడిపేది, సుడో వాటికి రూట్ అధికారం ఇచ్చేది. అలా చేస్తే మధ్యలో చదువుకునే వ్యవధి కూడా ఉండదు. "ఆగు తమ్ముడూ" అని, స్క్రిప్టును విడిగా దింపి కూర్చుని చదివాను.

అది మొదట ప్రోగ్రామ్ ఫైళ్లన్నీ యూజర్ హోమ్ ఫోల్డర్‌లో ఒక మూల పెడుతుంది. తర్వాత ఒక యూడెవ్ రూల్ (ఏ పరికరం ఎవరికి అందాలో చెప్పేది) రాస్తుంది. కీబోర్డు, మౌస్ పరికరాలన్నిటికీ అనుమతి 0666. అంటే ఆ సిస్టమ్‌లో ఏ అకౌంటు కింద నడిచే ప్రోగ్రామైనా సరే, కీబోర్డు మీద కొట్టే ప్రతి అక్షరాన్నీ చదువుకోవచ్చు. బావ బ్యాంకు పాస్‌వర్డ్ కొడుతున్నా చదువుకోవచ్చు. ఆ తర్వాత ఒక సిస్టమ్‌డీ సర్వీసు, అంటే వెనకాల దానంతటది నడిచేది. సిస్టమ్ ఆన్ అవగానే హోమ్ ఫోల్డర్‌లో ఉన్న ఆ పైథాన్ ఫైలును రూట్‌గా నడుపుతుంది. నడిపే ముందు గిట్ పుల్ చేసి కొత్త వెర్షన్ తెచ్చుకుంటుంది, అదీ రూట్‌గానే. చివర్లో, సుడో ఎవరు వాడవచ్చో రాసి ఉండే సుడోయర్స్ ఫోల్డర్‌లోకి ఒక బుల్లి ఫైలు: ఈ ప్రోగ్రామ్‌ను పాస్‌వర్డ్ లేకుండా రూట్‌గా నడపవచ్చు అని. మాటిమాటికీ పాస్‌వర్డ్ అడిగితే మనకు విసుగని, పాపం.

ఇందులో దొంగబుద్ధి ఎక్కడా లేదు. ఏ లైను ఎందుకు రాశాడో తెలుస్తూనే ఉంది. "పర్మిషన్ డినైడ్" అని వచ్చిన ప్రతిచోటా ఒక తలుపు తీసుకుంటూ పోయాడు. తన ల్యాప్‌టాప్‌లో పని అయింది, సంతోషపడ్డాడు, నలుగురికీ ఇచ్చాడు.

కానీ ఆ పైథాన్ ఫైలు ఉన్నది యూజర్ హోమ్‌లో. యూజర్ దాన్ని మార్చగలడు. యూజర్ పేరు మీద నడిచే ఏ ప్రోగ్రామైనా మార్చగలదు, రేపు ఏ ఈమెయిల్ అటాచ్‌మెంట్‌లోంచో దిగిన చెత్తతో సహా. ఫైలు మొదట్లో రెండు లైన్లు దూర్చి, సుడోతో పిలిస్తే చాలు. పాస్‌వర్డ్ అడగదు, సిస్టమ్ మొత్తం దాని చేతికి వచ్చేస్తుంది. ఇక గిట్ పుల్ గురించి చెప్పనే అక్కర్లేదు. ఆ విద్యార్థి తన కోడ్ పెట్టిన గిట్‌హబ్ అకౌంటు ఎవడి చేతిలో పడినా, మర్నాడు బావ షట్టర్ ఎత్తి సిస్టమ్ ఆన్ చేసేసరికి మా షాపు కంప్యూటర్ వాడిదే. విజయనగరం ఎక్కడుందో వాడికి తెలియక్కర్లేదు కూడా.

అసలు తమాషా ఏమిటంటే, మాస్టారికి కావలసిన యాపిల్ లేఅవుట్, రకరకాల భాషల లేఅవుట్లు పోగేసిన ఎమ్17ఎన్ డేటాబేస్‌లో ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన లేఅవుట్లతో పాటు ముందునుంచీ ఉంది. లినక్స్‌లో వేరే భాషలు టైపు చేయించే ఐబస్‌కి సంబంధించిన ఎమ్17ఎన్ ప్యాకేజీని మింట్ సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లోంచే వేసుకుంటే తెలుగు కింద కనిపిస్తుంది. ఆయన చేతివాటానికి ఒకటి రెండు మీటలు తేడాగా ఉంటే, ఆ లేఅవుట్ ఫైలును హోమ్‌లోని డాట్ ఎమ్17ఎన్ డాట్ డి అనే ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుని మార్చుకోవచ్చు. మామూలు టెక్స్ట్ ఫైలే. ప్యాకేజీ వేసేటప్పుడు ఒకసారి తప్ప మళ్లీ రూట్ ఊసే లేదు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటారు గానీ, ఇక్కడ పిచ్చుక కూడా లేదు.

అయితే మీటలు మార్చే ప్రోగ్రామ్‌లు రూట్ అడగడం వెనక ఒక న్యాయం లేకపోలేదు. తెర మీద విండోలు చూపించే పాత ఎక్స్11 పద్ధతిలో ఏ ప్రోగ్రామైనా పక్క ప్రోగ్రామ్‌లో కొట్టే అక్షరాలు వినగలిగేది. దాని స్థానంలో వేలాండ్ వచ్చి ఆ తలుపు మూసింది, మన మంచికే మూసింది. కానీ వీటికి వినడమే పని. అందుకని కిందికి దిగి కెర్నల్ పరికరాల దగ్గరే వింటామంటూ రూట్ అడగడం మొదలెట్టాయి. ఇంకొన్ని, మీ అకౌంటును, కీబోర్డు లాంటి పరికరాలను చదివే అనుమతి ఉన్న ఇన్‌పుట్ గ్రూపులో చేర్చుకోండి చాలు అంటాయి. వినడానికి చిన్న కోరికే. చేర్చిన తర్వాత మీ అకౌంటులో నడిచే ప్రతి ప్రోగ్రామూ మీరు కొట్టే ప్రతిదీ వినగలదు, ఆ ఒక్కటే కాదు. నిజంగా అలాంటిది కావాలంటే ఆ సర్వీసు కోసం విడిగా ఒక యూజర్‌ను సృష్టించి, ఆ యూజర్‌కి మాత్రమే ఆ పరికరాలు అందేలా చేయవచ్చు. పది నిమిషాల పని. రాసేవాళ్లలో చాలామందికి ఆ పది నిమిషాలు తట్టవు, ఎందుకంటే సుడో పెడితే ఎలాగూ నడుస్తోంది.

దొంగబుద్ధి లేకుండానే ఎంత కొంప మునుగుతుందో చెప్పడానికి లినక్స్ లోకంలో అందరూ తలుచుకునే కథ ఒకటుంది. 2011లో బంబుల్‌బీ అని ఒక ప్రాజెక్టు ఉండేది. ఎన్‌విడియా ఆప్టిమస్ గ్రాఫిక్స్ ఉన్న ల్యాప్‌టాప్‌లను లినక్స్‌లో సరిగ్గా నడిపించడానికి ఔత్సాహికులు మొదలెట్టినది. అప్పట్లో చాలామంది ప్రాణానికి హాయిగా ఉన్న సాఫ్ట్‌వేర్. దాని ఇన్‌స్టాల్ స్క్రిప్టులో, యూఎస్ఆర్ డైరెక్టరీ లోపల ఎక్కడో ఉన్న ఒక చిన్న ఫోల్డర్‌ను చెరిపే లైను ఒకటి రాశారు. అందులో యూఎస్ఆర్ అన్న మాట తర్వాత పొరపాటున ఒక స్పేస్ పడింది. అంతే. ఆ ఒక్క ఖాళీతో ఒక దారి రెండు దారులుగా చీలి, మొత్తం యూఎస్ఆర్ డైరెక్టరీని చెరిపెయ్యి అన్న ఆజ్ఞ అయి కూర్చుంది. లినక్స్‌లో ప్రోగ్రామ్‌లన్నీ దాదాపు అక్కడే ఉంటాయి. ఇన్‌స్టాల్ స్క్రిప్టు కాబట్టి రూట్‌గా నడిచింది. రూట్ కాబట్టి "ఇది నీది కాదు" అని అడ్డం పడేవాడు లేడు. రాసినాయన వెంటనే సరిదిద్ది క్షమాపణ చెప్పాడు. మంచివాడే. అప్పటికే వేసుకున్నవాళ్లు మాత్రం సిస్టమ్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవాల్సి వచ్చింది.

దీని పక్కన కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ ప్రోగ్రామ్‌ది, 2015 జనవరి నాటి కథ పెట్టి చూడండి. అది సరదా ప్రాజెక్టు కాదు, పెద్ద కంపెనీదే. స్టీమ్ ఫోల్డర్‌ను వేరే చోటికి జరిపిన ఒక యూజర్ దాన్ని నడిపితే, స్క్రిప్టులో ఫోల్డర్ పేరు ఉండాల్సిన చోట ఖాళీ వచ్చి, డిస్కు మొత్తం చెరిపెయ్యి అన్న అర్థం వచ్చే ఆజ్ఞ నడిచిపోయింది. ఆ లైను పైన రాసినవాడే "స్కేరీ" అని ఒక వ్యాఖ్య కూడా పెట్టుకున్నాడు. భయమేసింది, అయినా అలాగే వదిలేశాడు! ఇక్కడ స్క్రిప్టు రూట్‌గా నడవలేదు. అందుకని సిస్టమ్ బతికింది. ఆ యూజర్ సొంత ఫైళ్లు మాత్రం పోయాయి, తగిలించి ఉన్న బయటి డ్రైవులో ఉన్నవి కూడా.

తెలివైన పాఠకులు ఇక్కడే నన్ను పట్టుకుంటారు. పట్టుకోవాలి కూడా. ఈ రెండిట్లో ఏది పెద్ద నష్టం? యూఎస్ఆర్ పోతే గంటలో మళ్లీ లినక్స్ ఎక్కించుకోవచ్చు. హోమ్ ఫోల్డర్‌లో ఉన్న పెళ్లి ఫొటోలు పోతే ఎవరిస్తారు? నా బ్రౌజర్, నా ఈమెయిల్, నా ఫైళ్లు అన్నీ నా అకౌంటులోనే ఉన్నప్పుడు రూట్ ఇస్తే ఏమిటి, ఇవ్వకపోతే ఏమిటి? ఈ వాదనలో సగం నిజం ఉంది. 2024 మార్చిలో కేడీఈ అనే లినక్స్ డెస్క్‌టాప్ కోసం ఎవరో పెట్టిన ఒక థీమ్ వేసుకుంటే యూజర్ ఫైళ్లన్నీ చెరిగిపోయిన సంఘటన జరిగింది. థీమ్ అంటే రంగులూ బొమ్మలూ అనుకుంటాం. రూట్ అడగనే లేదు, అయినా కొంప ముంచింది.

మిగతా సగం సంగతి చూడాలి. ఒంటరిగా వాడుకునే ల్యాప్‌టాప్‌కి ఆ వాదన కొంతవరకు నప్పుతుంది. మా బావ షాపుకి నప్పదు, కాలేజీ ల్యాబ్‌కి అసలు నప్పదు. అక్కడ హోమ్ ఫోల్డర్లు నలుగురివి, నలభైమందివి. నా ఫైళ్లు పణంగా పెట్టే హక్కు నాకుంది, ఎవరో ముసలాయన ఇచ్చిన ఆధార్ స్కాన్ పణంగా పెట్టే హక్కు లేదు. రెండోది, బ్యాకప్. షాపులో రోజూ రాత్రి పనిలో ఉన్న ఫైళ్లన్నీ ఇంకో డిస్కుకి కాపీ అవుతాయి. ఆ డిస్కులో ఫోల్డర్ యజమాని రూట్, ఇంకెవరికీ లోపలికి దారి లేదు. స్టీమ్ లాంటి ప్రమాదం రేపు జరిగినా మాస్టారి ఫైళ్లు అక్కడ భద్రంగా ఉంటాయి. అదే స్క్రిప్టు రూట్‌గా నడిస్తే అసలూ పోతుంది, కాపీ కూడా పోతుంది. మూడోది, శుభ్రం చేయడం. ఒక అకౌంటు పాడైతే ఆ అకౌంటు తీసేసి కొత్తది పెట్టుకోవచ్చు. రూట్ దాకా వెళ్లినదాన్ని వెతికి పట్టుకోవడం నాలాంటివాడి వల్ల కాదు. డిస్కు మొత్తం ఫార్మాట్ చేయడమే.

"కోడ్ ఓపెన్‌గా ఉంది కదా, ఎవరైనా చూసుకోవచ్చు" అన్న మాటకి వస్తాను. చూసుకోవచ్చు. ఎవరు చూశారు? 2024 మార్చి 29న ఎక్స్‌జెడ్ వ్యవహారం బయటపడింది. ఫైళ్లను కుదించే ఒక చిన్న లైబ్రరీ అది. దాదాపు ప్రతి లినక్స్‌లోనూ ఉంటుంది. ఏళ్ల తరబడి దాన్ని చూసుకుంటున్నది లాస్సే కోలిన్ అనే ఒకాయన, ఒక్కడే, జీతం లేకుండా. మానసికంగా బాగోలేదని, ఇది డబ్బులు రాని హాబీ ప్రాజెక్టని 2022లో ఆయనే బహిరంగంగా రాశాడు. అప్పటికే జియా టాన్ అన్న పేరుతో ఎవరో వచ్చి ఓపిగ్గా సాయం చేస్తూ ఉన్నారు. మెల్లగా నమ్మకం సంపాదించి, విడుదలలు చేసే చెయ్యి అయ్యారు. 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టారు. డెబియన్, ఫెడోరా లాంటి లినక్స్ రకాల్లో (వీటినే డిస్ట్రోలు అంటారు), దూరం నుంచి లాగిన్ చేయించే ఎస్ఎస్‌హెచ్ సర్వీసు అప్పట్లో పరోక్షంగా ఈ లైబ్రరీని వాడుకునేది, ఆ సర్వీసేమో రూట్‌గా నడుస్తుంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ పట్టింది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద పనిచేసే ప్రోగ్రామర్, అదీ కోడ్ చదివి కాదు. ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందేమిటా అని అనుమానం వచ్చి, దాని వెంటపడి తవ్వాడు.

ఇందులో నన్ను బాగా కుదిపిన ముక్క వేరే ఉంది. దొంగ సరుకు పరీక్షల కోసం పెట్టే ఫైళ్లలో దాక్కుని ఉంది. దాన్ని నిద్రలేపే స్క్రిప్టు లైను అందరికీ కనిపించే గిట్ కోడ్‌లో లేదు, విడుదల చేసిన మూటలోనే ఉంది. అంటే ఓపెన్ కోడ్ చదివినవాడికి కూడా మొత్తం కనిపించదు. పెద్ద డిస్ట్రోల టెస్టింగ్ వెర్షన్ల దాకా చేరి ఆగింది కాబట్టి సరిపోయింది. లాస్సే కోలిన్ మంచివాడా అని అడిగితే మంచివాడే. ఆ జవాబు ఎవరికీ అక్కరకు రాలేదు.

సుడో సంగతే చూడండి. రూట్ ఇచ్చే పనిని జాగ్రత్తగా చేయడానికే పుట్టిన ప్రోగ్రామ్ అది. టాడ్ మిల్లర్ 1990ల నుంచి అదే పనిగా దాన్ని కనిపెట్టుకుని ఉన్నాడు. ప్రపంచమంతా దాని కోడ్ చూస్తుంది. అయినా 2021 జనవరిలో క్వాలిస్ అనే భద్రతా కంపెనీ వాళ్లు ఒక లోపం బయటపెట్టారు. మామూలు యూజర్ ఎవరైనా రూట్ అయిపోగలిగే లోపం, 2011 నుంచి అందులోనే ఉంది. అంత శ్రద్ధగా చూసుకునే చోటే పదేళ్లు కనబడలేదు. సెలవుల్లో సరదాగా రాసి, ఉద్యోగం రాగానే వదిలేసిన ప్రోగ్రామ్‌ను రూట్‌గా రాత్రింబవళ్లు నడపడం ఏం ధైర్యం?

వదిలేయడం అన్నది చిన్న విషయం కాదు. హాబీ అంటేనే ఏదో ఒకరోజు వదిలేసేది. ఆర్చ్ లినక్స్ వాళ్లకి, యూజర్లే ప్యాకేజీలు పెట్టుకునే ఏయూఆర్ అనే చోటుంది. అందులో ఎవరూ చూసుకోని ప్యాకేజీని ఎవరైనా దత్తత తీసుకోవచ్చు. 2018 జూలైలో ఏక్రోరీడ్ అనే అనాథ ప్యాకేజీని అలాగే ఒకడు తీసుకుని, బయటి నుంచి స్క్రిప్టు దింపే లైను కలిపాడు. 2025 జూలైలో ఫైర్‌ఫాక్స్, లిబ్రవుల్ఫ్, జెన్ బ్రౌజర్ల పేర్లకి ఫిక్స్, ప్యాచ్ అని తోకలు తగిలించిన మూడు ప్యాకేజీలు వచ్చాయి. వాటిలో దూరం నుంచి కంప్యూటర్‌ను ఆడించే కేయాస్ ర్యాట్ ఉంది. జూలై 18న తీసేశారు.

రూట్ ఇచ్చామని తెలియకుండానే ఇచ్చే చోట్లు కూడా ఉన్నాయి. ఏదో వెబ్‌సైటులోంచి డెబ్ ఫైలు (ఉబుంటూ, మింట్‌లలో ప్రోగ్రామ్ ఎక్కించే మూట) దింపి వేస్తే, ఆ ప్రోగ్రామ్ తర్వాత మామూలు యూజర్‌గానే నడిచినా, వేసేటప్పుడు దాని లోపలి స్క్రిప్టులు రూట్‌గానే నడుస్తాయి. బయటివాళ్లు తమ ప్యాకేజీలు పంచే పీపీఏ ఒకటి కలుపుకుంటే ఇక ప్రతి అప్‌డేట్‌కీ వాళ్ల చెయ్యి మన సిస్టమ్‌లో ఉన్నట్టే. ప్రోగ్రామ్‌లను విడి పెట్టెల్లో పెట్టి నడిపే డాకర్ ఉంది, దాని గ్రూపులో అకౌంటు చేర్చడం అంటే రూట్ ఇచ్చినట్టేనని డాకర్ వాళ్ల సూచనల్లోనే రాసి ఉంటుంది, చదివితే.

కాలేజీలో ఇది ఇంకో రూపంలో వస్తుంది. ప్రాజెక్టుల కోసం ఆర్డ్యూనో అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు తగిలిస్తారు, పోర్టు తెరుచుకోదు, పర్మిషన్ డినైడ్. వెంటనే సుడోతో ఆ ఎడిటర్‌ను తెరుస్తారు. బోర్డులో ఎల్ఈడీ వెలుగుతుంది, కేరింతలు. మర్నాడు మామూలుగా తెరిస్తే నిన్నటి ప్రాజెక్టు ఫైళ్లు సేవ్ కావు, ఎందుకంటే వాటి యజమాని ఇప్పుడు రూట్. దాంతో ఈరోజు కూడా సుడో. ఒక సుడో ఇంకో సుడోని కంటుంది. ఉబుంటూలో చేయవలసింది, ఆ పోర్టు వాడే అనుమతి ఉన్న డయలౌట్ గ్రూపులో అకౌంటు చేర్చి ఒకసారి లాగౌట్ అవడం, అంతే. "ఇది ముందే చెప్పొచ్చు కదా సార్" అంటారు. ల్యాబ్ గోడ మీద అంటించి ఉంది బాబూ, మీ వెనకాలే.

హాబీ సాఫ్ట్‌వేర్ అంటే నాకు పడదనుకోకండి. షాపులో ఒక పాత చిన్న లేజర్ ప్రింటర్ ఉంది. నెట్ సెంటర్లలో ఎక్కడ చూసినా కనిపించే రకమే. దానికి లినక్స్‌లో పని చేసిపెడుతున్నది ఎవరో ఔత్సాహికుడు విప్పి చూసి రాసిన డ్రైవరు. నేను ఒప్పుకుని వేశాను. ఎందుకంటే అది, లినక్స్‌లో ప్రింటింగ్ చూసుకునే కప్స్‌లో ఒక ఫిల్టర్‌గా కూర్చుంటుంది. కప్స్ తన ఫిల్టర్లను రూట్‌గా నడపదు, ఎల్పీ అనే బలహీనమైన యూజర్ కింద నడుపుతుంది. దానిలో ఎంత పెద్ద తప్పున్నా ప్రింటు పాడవుతుంది తప్ప బావ ఫోల్డర్ జోలికి వెళ్లలేదు. ఇద్దరు హాబీ ప్రోగ్రామర్లు, ఇద్దరూ మంచివాళ్లే, ఇద్దరూ ఊరికే ఇచ్చారు. ఒకరిది వేశాను, ఒకరిది వేయలేదు.

రూట్ తప్పనిసరి అయినచోట పద్ధతిగా ఎలా అడగాలో చూపించినవాళ్లూ ఉన్నారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ కొట్టి రోజుల తరబడి కరెంటు లేకపోయాక బావ రెండో యూపీఎస్ కొన్నాడు. బ్యాటరీ అయిపోతుంటే సిస్టమ్‌ను దానంతటదే ఆపే సాఫ్ట్‌వేర్ ఎన్‌యూటీ. సిస్టమ్ ఆపాలంటే రూట్ కావాలి, అనుమానం లేదు. దానిలోని యూపీఎస్‌మాన్ మొదలవగానే రెండుగా చీలుతుంది. నెట్‌వర్క్‌తో మాట్లాడుతూ, సంగతులు వింటూ, తప్పులు జరిగే అవకాశమున్న భాగమంతా మామూలు యూజర్‌గా నడుస్తుంది. రూట్‌గా మిగిలిన ముక్క చేసేది ఒక్కటే, "ఆపెయ్" అన్న మాట వచ్చేదాకా కదలకుండా కూర్చోవడం. వైర్‌షార్క్ కూడా అంతే. నెట్‌వర్క్ ప్యాకెట్లను పట్టే పని డంప్‌క్యాప్ అనే చిన్న ప్రోగ్రామ్‌కి అప్పగించి, వాటిని విప్పి చూసే లక్షల లైన్ల కోడ్‌ను రూట్ లేకుండా నడుపుతుంది. నాకు కావలసిన జవాబు ఇలా ఉంటుంది. ఏ ముక్కకి కావాలో, ఎంతసేపు కావాలో వాళ్లే కొలిచి పెట్టారు.

మన కాలేజీల్లో కూడా గిట్‌హబ్‌లో ప్రాజెక్టులు పెట్టే పిల్లలు పెరిగారు. వాళ్లకి నేను చెప్పేది ఇదే. రీడ్‌మీ ఫైలులో స్క్రీన్‌షాట్ల కింద, రూట్ ఎందుకు కావాలో నాలుగు లైన్లు రాయండి. రాయడానికి కూర్చుంటే సగంమందికి అవసరమే లేదని వాళ్లకే తెలుస్తుంది. ఇన్‌స్టాల్ లైను కింద అన్‌ఇన్‌స్టాల్ లైను కూడా పెట్టండి. రూట్‌గా నడిచే ప్రోగ్రామ్‌ను ఎవరూ రాయలేని ఫోల్డర్‌లో పెట్టండి, హోమ్‌లో వద్దు. ఇది మీకు కూడా రక్షణే. మీ కోడ్ నలుగురి కంప్యూటర్లలో రూట్‌గా నడుస్తున్న రోజు నుంచి, సెమిస్టర్ పరీక్షలున్నా సరే, లోపం బయటపడితే ఆ రాత్రే సరిదిద్దాల్సిన బాధ్యత మీ నెత్తిన ఉంటుంది. జీతం లేని ఆ టెన్షన్ మీకెందుకు?

షాపులో రోజూ వాడే అకౌంటు ఏదీ సుడో గ్రూపులో లేదు. కుర్రాడికి దీని మీద నా మీద కోపం. "నా మీద నమ్మకం లేదా అన్నియ్యా?" అంటాడు. వాడి మీద నమ్మకం ఉంది, వాడి అకౌంటులో నడిచే వాటి మీద లేదు. సుడో ఉన్న అకౌంటులోకి మాయదారి ప్రోగ్రామ్ ఒకటి దూరిందంటే, అది వెంటనే రూట్ అవక్కర్లేదు. బాష్ సెట్టింగుల ఫైలులో సుడో అన్న పేరుకే తన నకిలీని తగిలించి, మనం పాస్‌వర్డ్ కొట్టే వరకు కాచుకుని కూర్చుంటుంది. అందుకే అడ్మిన్ అకౌంటు విడిగా ఉంది, దానిలో బ్రౌజర్ తెరవడం నిషేధం. నాకైనా అంతే.

ఒక్క చోట మాత్రం నా ప్రశ్నకి సరైన జవాబు వచ్చి, రూట్ ఇవ్వక తప్పలేదు. మాస్టారి పాత ల్యాప్‌టాప్ ఫ్యాన్. లినక్స్‌లో అది తిరగాల్సినప్పుడు తిరగదు. మే నెలలో విజయనగరం ఎండకి, ఏసీ లేని షాపులో, కీబోర్డు మీద చెయ్యి పెట్టలేరు. దాన్ని అదుపు చేసేది ఒక హాబీ ప్రోగ్రామే. ల్యాప్‌టాప్ లోపల ఫ్యాన్‌ను ఆడించే ఎంబెడెడ్ కంట్రోలర్ అనే చిప్‌లో నేరుగా అంకెలు రాయాలి. అది రూట్ తప్ప ఇంకెవరూ చేయలేరు, ముక్కలు చేయడానికి అందులో పెద్ద కోడ్ కూడా లేదు. వేశాను. దాని సిస్టమ్‌డీ ఫైలులో నెట్‌వర్క్ పూర్తిగా కట్ చేసే ప్రైవేట్‌నెట్‌వర్క్, హోమ్ ఫోల్డర్లు కనబడకుండా చేసే ప్రొటెక్ట్‌హోమ్, సిస్టమ్ ఫైళ్లు రాయనివ్వకుండా చేసే ప్రొటెక్ట్‌సిస్టమ్ స్ట్రిక్ట్ పెట్టాను. దానంతటది అప్‌డేట్ అయ్యే లైను తీసేశాను. ఇది పూర్తి కట్టడి కాదు, రూట్ గట్టిగా అనుకుంటే తప్పించుకునే దారులు ఉంటాయి. తప్పుడు అంకె రాస్తే ఫ్యాన్ ఆగిపోయి బోర్డు కాలిపోయే ప్రమాదం కూడా ఉంది. మాస్టారికి అది ముందే చెప్పాను. "ఎలాగూ ఇప్పుడు ఫ్యాన్ తిరగట్లేదు కదండీ" అన్నారాయన. దానికి నా దగ్గర జవాబు లేదు, సర్వీసు ఆన్ చేశాను.